దినమున కెంత తినవలయును?

(ఒక గ్రంథాలయ వార్షిక సభయందు మా పత్రిక పక్షమున చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభకు మమ్ము పిలువవచ్చిన మిత్రులు మాకొక ప్రశ్న నొసగి పోయిరి. "పెద్ద పెద్ద విషయములను గూర్చి మీరు వారము వారమును వ్రాయుచునే యున్నారు. ఈ యేడు మాకొక చిన్న సంగతి చెప్పుడు. మనుష్యుడు ఒళ్లు మీరకుండ, బక్కచిక్కకుండ నుండవలెనన్న దినమునకు ఎంత తినవలయును?" అని వారడిగిరి. ఇది చిన్న సంగతి యని వారి తలంపు. మేమట్లు తలంపలేదు. ఒక జాతి ఎంత తినుచున్నది, ఆ కొలతను నిర్ణయించువారెవరు, ఇంటిలో మొదట విస్తరి ముందు కూర్చుండువారెవరు, తుదకు గిన్నె యడుగు గీచుకొనువారెవరు అను ప్రశ్నలన్నియు ఆ చిన్న ప్రశ్న కడుపులోనే యున్నవి.

అడిగినదానికి ముందుగా సూటిగా బదులు చెప్పెదము. లేనిచో కడవరకు దాచి విసిగించితిమను నపవాదు వచ్చును. కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు దినమునకు 2,110 కెలోరీల నిచ్చు ఆహారము, అట్టి పనియే చేయు 55 కిలోల స్త్రీకి 1,660 కెలోరీల నిచ్చు ఆహారము చాలును. ఒక మోస్తరు శ్రమ గలవారికి ఇవియే 2,710, 2,130 అగును. ఒళ్లు వంచి పొలమునందో, రాళ్లు మోయుచోటనో పాటుపడు పురుషునకు 3,470, స్త్రీకి 2,720 కావలయును. గర్భిణికి పైన 350, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు మాసములు పైన 600 చేర్చవలెను. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020వ సంవత్సరమున ఇచ్చిన లెక్కలివి. ఆ సంస్థ మనకు క్రొత్తది కాదు. 1918లో నీలగిరులలోని కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు చిన్న గదిలో నారంభించిన పని అది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది.

అంకెలు చెప్పుట సులభము. కాని ఆ యంకెలను మరల నొకమారు చూడుడు. ఒకే యూరున, ఒకే ప్రాయమున, ఒకే బరువు గల యిరువురు మగవారిలో ఒకనికి రెండువేల నూరు చాలగా, రెండవవానికి మూడువేల నాలుగువందలకు పైగా కావలసివచ్చుచున్నది. కావున "ఎంత?" అను ప్రశ్నకు "ఎవరికి? ఏ పనికి?" అను ఎదురుప్రశ్న వేయక బదులు చెప్పువాడు మోసగాడైనను కావలెను, దొరతనము వాడైనను కావలెను. దొరతనపు వారట్లు చెప్పిన కథ యొకటి మన జిల్లాలలోనే జరిగినది. దానిని మరచుట తగదు.

1876లో వానలు తప్పినవి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు క్షామముచే అల్లాడినవి. కూలి కొరకు జనులు లక్షలకొలదిగ సర్కారు పనులకు చేరిరి. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను సర్ రిచర్డ్ టెంపుల్ అను నుద్యోగిని మదరాసు రాజధానికి పంపెను. ఈ టెంపులే మూడేండ్లకు ముందు బీహారు కరవులో బర్మా బియ్యము దండిగ తెప్పించి, ప్రాణములు కాపాడి, ఖజానా ఖర్చు చేసెనని స్వజాతీయులచే చీవాట్లు తినియుండెను. ఈ సారి యట్టి మాట రానీయరాదని నిశ్చయించుకొని వచ్చినట్లున్నది. మన్ను త్రవ్వి, రాళ్లు మోయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, దానికి తోడు ఉప్పు పులుసులకు కొంత డబ్బు చాలునని ఆయన శాసించెను. ఒక పౌను అనగా 454 గ్రాములు. నేటి లెక్కకు ఇంచుమించు 1,600 కెలోరీలు. ఆనాటి కూలీల శరీరములు చిన్నవనియే అనుకొందము. నేడు కుర్చీలో కూర్చుండి కాగితములు త్రిప్పు వానికి చెప్పుచున్న కొలతకన్న తక్కువగా, గడ్డపార పట్టినవానికి ఆనాడు కొలిచి యిచ్చిరి.

దీనిని ఎదిరించినవాడును ఆంగ్లేయుడే యని చెప్పుట న్యాయము. మదరాసు రాజధానికి పారిశుద్ధ్య కమిషనరుగ నున్న డాక్టరు కార్నిష్, ఈ కొలత మనుష్యుని మెల్లమెల్లగ చంపు కొలత యనియు, కష్టించువానికి పౌనున్నర ధాన్యమును, పప్పును, కూరలును ఉండవలెననియు, చెరసాలల ఆహారపు పట్టీలను ముందుంచుకొని వాదించెను. కొన్ని నెలలకు మదరాసు ప్రభుత్వము కొలతను పెంచక తప్పలేదు. ఈ లోపల పోయినవారు పోయిరి.

ఆ దినములలోనే దాదాభాయి నౌరోజీ భారతీయుని సగటు రాబడిని, ఖైదీ తిండికిని బట్టకును సర్కారు వారు పెట్టు ఖర్చుతోను, ఓడలపై విదేశములకు పోవు కూలీలకు విధించిన యాహారపు పట్టీతోను సరిపోల్చి, స్వతంత్రముగ తిరుగాడు రైతు చెరసాలలోని వానికన్న దరిద్రుడని ఋజువు చేసెను. ఆ మహనీయుని యర్థశాస్త్రమంతయు ఒక విధముగ ఈ గ్రంథాలయ మిత్రుల ప్రశ్నతోనే మొదలైనది: మనిషికి దినమున కెంత కావలయును?

ఒక పౌను తిండిపై మనిషికేమగునో నిశ్చయముగ తెలిసికొనుటకు లోకము మరి యరువదియేడేండ్లు వేచియుండవలసి వచ్చినది. 1944 నవంబరులో మొదలుపెట్టిన ప్రయోగములో, యుద్ధకాలమున, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులగు 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, ఇరువదినాలుగు వారములు అర్ధాకలిపై నుంచెను. వారికి పెట్టినది సుమారు 1,570 కెలోరీలు. టెంపుల్ కొలతకు ఇంత దగ్గరగ నుండుట యాదృచ్ఛికమే కావచ్చును. ఆ యువకులు తమ బరువులో నాలుగవ వంతు కోల్పోయిరి. కాళ్లు నీరుపట్టెను, చలి విడువలేదు, నవ్వు మరచిరి, పగలంతయు తిండి మాటలే, రాత్రి తిండి కలలే. వారి చేత గడ్డపార పట్టింపలేదు. వారానికి ఇరువదిరెండు మైళ్లు నడువుమనిరి.

సభాసదులారా, ఈ పాత కథ లెందుకని మీరడుగవచ్చును. నేడు పట్టణములందు సన్నబడు మార్గమని చెప్పి, పూర్తి ప్రాయమువారిని దినమునకు ఎనిమిదివందల కెలోరీలతో, వేయితో బ్రతుకుమను ప్రకటనలు గోడగోడకును కానవచ్చుచున్నవి. ఆనాడు సర్కారు ఆకలిని విధించినది. నేడు డబ్బిచ్చి మనమే దానిని కొనుక్కొనుచున్నాము. వైద్యుని పర్యవేక్షణ లేక అంత తగ్గింపరాదని పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు స్పష్టముగ చెప్పుచున్నవి. వేయి కెలోరీలకు దిగువకు దిగరాదు, వారానికి అర్ధకిలో తగ్గినచో అదియే క్షేమమైన వేగము అని వారి మాట.

ఇక కెలోరీ యనగా నేమి? కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు వేడి. అన్నము పొయ్యిలో మండినను, ఒంటిలో మండినను ఆ వేడి లెక్క యొకటే. ఒంటిలో అది మంటగా గాక, కండరములు వాడుకొనగల నాణెముగ మారుచున్నది. ఆ నాణెమును గుర్తించినవారిలో ఒకరు మనవారు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డునందు ఫిస్కే అను నాచార్యునితో కూడి, కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏటీపీ యను పదార్థమును 1929లోను బయలుపరచెను. గోదావరి మండలపు బిడ్డ అన్నము బలముగ మారు గుట్టును కనుగొనెనని పిల్లలకు చెప్పుడు. పాఠ్యపుస్తకములలో ఆ పేరు ఉండవలసినంత పెద్ద అక్షరములలో లేదు.

మనము తిన్నదానిలో అధికభాగము నడకకును పనికిని గాక, గుండె కొట్టుకొనుటకు, ఊపిరికి, ఒంటి వెచ్చదనమునకు వ్యయమగుచున్నది. నిద్రపోవువానికిని ఖర్చు తప్పదు. నలువది దాటిన పిమ్మట బొజ్జ వచ్చుటకు ప్రాయమే కారణమని మనవారందురు, ఒంటి మంట మందగించెనందురు. 2021లో ప్రకటితమైన యొక పరిశోధన ఈ నెపమును చాలవరకు కొట్టివేసినది. ఇరువదితొమ్మిది దేశములలో ఆరువేల నాలుగువందలకు పైబడిన మనుష్యులను, ఎనిమిది దినముల శిశువు మొదలు తొంబదియైదేండ్ల వృద్ధుని వరకు పరీక్షించి చూడగా, ఇరువది మొదలు అరువది యేండ్ల వరకు శరీరపు ఖర్చు, దాని పరిమాణమును బట్టి చూచినచో, ఇంచుమించు నిలకడగ నున్నదని తేలినది. అరువది దాటిన పిదపనే అది తగ్గనారంభించును. నలువదియవ యేట మారినది ఒంటి మంట కాదు. సైకిలు పోయి స్కూటరు వచ్చినది, మెట్లు పోయి లిఫ్టు వచ్చినది, జీతము పెరిగి సాయంకాలపు ఫలహారము వచ్చినది.

మన తెనుగు నాటి కష్టమంతయు ఇక్కడనే యున్నదని మా యభిప్రాయము. మన విస్తరి కొలత రైతు విస్తరి కొలత. తెల్లవారుజామున చద్ది త్రాగి నాగలి కట్టినవాడు, నడుము వంచి నాట్లు వేసిన యామె, మధ్యాహ్నము కొండంత యన్నము తినిన, అది సాయంకాలమునకు చెమటయై పోయెడిది. వారి కొడుకు గుమాస్తా యయ్యెను, మనుమడు కంప్యూటరు ముందు కూర్చుండెను. పని మారినది; గరిటె మారలేదు. తల్లి చేతికి తాత కొలతయే తెలియును. ఇంకొక మారు వడ్డింపక పోయిన ఆమెకు తృప్తి లేదు. వద్దనిన వానికి మర్యాద తెలియదందురు. కొసరి కొసరి వడ్డించుట మన ప్రేమకు భాష. ఆ భాషను విడువుమని మేము చెప్పబోము. కొసరుటకు అన్నమే యేల, తోటకూర పప్పు కాకూడదా యని మాత్రము అడిగెదము.

పట్టణములోని యొక గుమాస్తా దినమును లెక్కవేసి చూతము. ఉదయము మూడు అట్లు, అందు పిండి నూరు గ్రాములు. మధ్యాహ్నము నూటయేబది గ్రాముల బియ్యపుటన్నము, రాత్రికి మరల అంతయే. మొత్తము నాలుగువందల గ్రాముల గింజలు, అనగా పదునాలుగువందల కెలోరీలు. అట్టులో, తాళింపులో, వేపుడులో, పచ్చడిలో కలసి ఏబది గ్రాముల నూనె, అనగా నాలుగువందల యేబది. మూడు కాఫీలలో రెండేసి చెంచాల పంచదార, నూటయిరువది. ఇప్పటికే పందొమ్మిదివందల డెబ్బది అయినది. పప్పు, పాలు, పెరుగు, కూర, దారిలో తిన్న బజ్జీలు, ఆదివారపు బిర్యాని ఇంకను లెక్కకు రాలేదు. ఆయన తిండిపోతు కాడు. ఆయనను చూచి ఎవరును అట్లనరు. నలుగురు తినునట్లే తినుచున్నాడు. నలుగురికిని బొజ్జలున్నవి.

మరి యేమి తినవలెను? 2024 మార్గదర్శకములు రెండువేల కెలోరీల దినమునకు ఒక పళ్లెమును చూపుచున్నవి. అన్ని ధాన్యములును కలిపి 250 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గ్రుడ్లు, చేపలు, మాంసము కలిసి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటరులు, పండ్లు 100 గ్రాములు, వేరుసెనగ, నువ్వులవంటి గింజలు 35 గ్రాములు, నూనె నేతులు కలిసి 27 గ్రాములు. ఇవన్నియు పచ్చి బరువులు. బియ్యము ఉడికినచో ఇంచుమించు మూడింతలగును. పళ్లెములో ధాన్యపు వంతు సగము కెలోరీలకన్న తక్కువయని గమనింపుడు. మన దేశమున తినువారి కెలోరీలలో నూటికి 62 వంతులు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నవని 2025లో వెలువడిన పెద్ద సర్వే యొకటి తేల్చినది. అన్నమును తిట్టుట మా యుద్దేశము కాదు. కృష్ణా గోదావరుల నడుమ పుట్టినవారము అన్నమును తిట్టలేము. అన్నము పప్పు కూరల చోటును కూడ ఆక్రమించుకొన్నదనియే మా ఫిర్యాదు.

గాంధీ మహాత్ముడు 1942లో ఆగాఖాను భవనమున ఖైదులో నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమున, కూర్చుండి పనిచేయువారికి ఒక పట్టీ నిచ్చియున్నారు. అందు ధాన్యము ఆరు ఔన్సులు మాత్రమే, అనగా 170 గ్రాములు. ఆవుపాలు రెండు పౌనులు, ఆకుకూరలు మూడు ఔన్సులు, ఇతర కూరలు అయిదు, పచ్చివి ఒకటి, నెయ్యి ఔన్సున్నర, బెల్లమో పంచదారయో ఔన్సున్నర. లెక్కకట్టి చూచితిమి. పదునెనిమిదివందల కెలోరీలకు అటునిటుగ వచ్చినది. నేతిని బెల్లమును నేటి వైద్యులు కొంత కోసివేయుదురు. ధాన్యపు కొలత యందు మాత్రము ఆయన నేటి సంస్థకన్న కఠినుడు.

మన పూర్వులు ఏమి చెప్పిరో చెప్పనిచో పెద్దలకు కోపము వచ్చును. చరకసంహిత సూత్రస్థానములో అయిదవ యధ్యాయమునకు మాత్రాశితీయమనియే పేరు. ఆహారపు మాత్ర వాని వాని జఠరాగ్ని బలమును బట్టి యుండవలెననియు, అందరికి ఒకటే కొలత లేదనియు అందలి సారము. వాగ్భటుడు కుక్షిలో రెండు వంతులు అన్నమునకు, ఒక వంతు నీటికి, ఒక వంతు ఖాళీకి విడువుమనెను. కెలోరీ తెలియని కాలమున ఇంతకన్న మంచి సలహా నెవరీయగలరు? కాని ఒక పూట తిన్నవాడు యోగి, రెండు పూటలు తిన్నవాడు భోగి, మూడు పూటలు తిన్నవాడు రోగి యను సామెతను మేము ఒప్పుకొనము. అది నీడపట్టున కూర్చుండువారు చేసిన సామెత. కోతకు పోవువాడు మూడు పూటలు తినకున్ననే రోగి యగును. ఒక పూట మాని, రెండవ పూట మూడు పూటలది కలిపి తిను భోగులను మేమెరుగుదుము.

తాను తినుచున్నది తనకు తగిన కొలతయో కాదో తెలిసికొనుటకు తక్కెడలో అన్నము తూచుకొనుట కన్న, తన్ను తాను తూచుకొనుట మేలు. మాసమునకొక తూరి, ఒకే వేళ, ఒకే తక్కెడపై చాలును. దినదినమును తూచుకొనువారికి నీటి బరువు, ఉప్పు బరువు చూచి దిగులు తప్ప ఫలము లేదు. కిలోలలో బరువును మీటరులలో ఎత్తు వర్గముచే భాగించగా వచ్చు సంఖ్యను 1832లో క్వెతలే అను బెల్జియము పండితుడు కనిపెట్టెను. మిన్నెసోటా కీసే 1972లో దానికి నేటి పేరు పెట్టెను. అది 18.5 మొదలు 23 లోపల నుండుట మన దేశీయులకు మేలు. తెల్లవారికి 25 వరకు పరవాలేదందురు గాని, మనవారికి తక్కువ బరువుననే మధుమేహము వచ్చుచున్నందున హద్దును దించిరి. లెక్కలు రానివారికి మేమే వేసి చెప్పెదము. అయిదడుగుల స్త్రీ 43 మొదలు 53 కిలోల వరకును, అయిదడుగుల అయిదంగుళముల పురుషుడు 50 మొదలు 62 కిలోల వరకును ఉండవచ్చును. కూర్చుండి పనిచేయువారికి కిలో బరువునకు ముప్పది, ముప్పదిరెండు కెలోరీలు పడునని గుర్తుంచుకొనిన, మొదట చెప్పిన యంకెలను మీ మీ బరువునకు కుదించుకొనవచ్చును. మంచి బరువుతో గుణింపుడు, ఉన్న బొజ్జతో గాదు.

తక్కెడయు లేనివారికి దారమొకటి చాలును. మీ ఎత్తునకు సరిగా దారము కొలిచి, దానిని సగమునకు మడువుడు. ఆ సగము మీ నడుము చుట్టు అందినచో మంచిది. అందకున్నచో, బరువెంత యున్నను, కడుపులో క్రొవ్వు చేరుచున్నదని యర్థము. మనవారిలో కాళ్లు చేతులు పుల్లలవలె నుండి, నడుము మాత్రము చుట్టును పెరుగువారనేకులు. తక్కెడ వారిని పట్టదు, దారము పట్టును. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశోధన మన దేశమున మధుమేహులు పదికోట్లకు పైబడిరని చెప్పినది.

పెరిగిన బరువును దించదలచినవారు దినమునకు మూడువందలు, అయిదువందల కెలోరీలు తగ్గించుకొనిన చాలును. ఒక మారు వడ్డనయు, ఒక వేపుడును, కాఫీలోని పంచదారయు మానిన అంతయగును. పప్పును మాత్రము తగ్గింపకుడు. కిలో క్రొవ్వు ఏడువేల ఏడువందల కెలోరీలని లెక్కవేసి, ఇన్ని దినములకు ఇన్ని కిలోలని చెప్పు గణితము తొలి వారములకే చెల్లును. బరువు దిగినకొలదిని శరీరపు ఖర్చును దిగును, కావున వేగము తగ్గును. అప్పుడు నిరాశపడి విడిచిపెట్టువారే ఎక్కువ. గంటసేపటి నడకకు ఖర్చగునది ఇన్నూరు కెలోరీలు. నడిచి వచ్చి హోటలులో కూర్చుండిన ఫలమేమి? ఇంటి నూనెను లెక్కించుట ఇంకను సులభము. మనిషికి దినమునకు 27 గ్రాములన్న, నలుగురున్న యింటికి నెలకు మూడుంబావు కిలోలు. మీ యింట నెలకెన్ని నూనె ప్యాకెట్లు ఖాళీ యగుచున్నవో నేటి రాత్రి అడిగి చూడుడు.

పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు ఈ తగ్గింపు మాటలు వర్తింపవు. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు వైద్యుని అడుగక తిండి తగ్గించినచో రక్తములో చక్కెర హఠాత్తుగ పడిపోవు ప్రమాదము కలదు.

ఇక సోదరీమణులతో ఒక మాట. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూడుడు. పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో, ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది బరువు మీరినవారు, 15 మంది బక్కచిక్కినవారు. తెలంగాణమున 30 మంది బరువు మీరినవారు, 19 మంది బక్కచిక్కినవారు. రెండు రాష్ట్రములందును నూటికి అరువదికి కొంచెము తక్కువగ రక్తహీనులు. బరువెక్కినవారిలోను రక్తము లేనివారున్నారని దీని యర్థము. ఇది యెట్లు సంభవించును? భర్తకు, మామగారికి, పిల్లలకు పెట్టిన పిమ్మట, పప్పు గిన్నె అడుగంటియుండగా, కూరలో ముక్క లేక రసమే మిగులగా, మిగిలిన యన్నమును పారవేయ మనసొప్పక ఆమె పచ్చడితో తినును. కడుపు నిండును, రక్తము పట్టదు. అన్నము పారవేయరాదను నీతి మంచిదే. ఆ నీతి భారమంతయు ఒక్క ఇల్లాలి నడుముపై మోపుట ఏమి న్యాయము? అందరును కలిసి కూర్చుండి, పప్పును ముందుగనే వంతులు వేసికొని తినిన ఈ వ్యాధిలో కొంత భాగము వైద్యుడు లేకయే కుదురును. మగవారు దీనిని వినుటకు వచ్చియున్నారు గనుక చెప్పితిమి. ఇంటికి పోయి మరతురేమో యని సందేహమును కలదు.

ఇండ్లు మాత్రమే దిద్దుకొనిన చాలదు. 2013 చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములలోని మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యము లభించుచున్నది, 2023 నుండి అది ఉచితము. ఇది గొప్ప పని. 1877 కథ విన్నవారెవరును దానిని తేలికగ మాటలాడలేరు. కాని అయిదు కిలోలనగా దినమునకు 167 గ్రాములు, ఆరువందల కెలోరీలకు లోపు. మిగిలిన దంతయు పేదవాడు కొనుక్కొనవలెను. చేతిలో నున్న రూపాయికి ఎక్కువ కడుపు నింపునది మరల బియ్యమే, నూనెయే. పప్పు కొనలేనివాని బొజ్జను చూచి తిండిపోతని నవ్వువారు ఈ లెక్కను వేసియుండరు.

సంస్థ చెప్పిన 85 గ్రాముల చొప్పున మనిషికి నెలకు పప్పు రెండున్నర కిలోలు కావలెను. గ్రుడ్లు, చేపలు తినువారికి కొంత తగ్గును. నలుగురున్న కుటుంబమునకు పది కిలోలు. నెలకు పది కిలోల పప్పు కొను ఇండ్లు ఈ గ్రంథాలయము చుట్టునున్న వీధులలో నెన్ని గలవో ఇక్కడ కూర్చున్న గృహిణులకు మాకన్న బాగుగ తెలియును. చౌకధరల దుకాణమున బియ్యపు మూట ప్రక్కన కందిపప్పు మూట యెన్నడు నిలుచునో, నిలిచిన నెలలో ఎన్ని కిలోలు చేతికి వచ్చునో, ఓటు కొరకు వాకిటికి వచ్చువారిని ఈ తడవ పేరు పెట్టి, లెక్క చెప్పి అడుగుడు. మీ యూరిలో నెలకు ఎన్ని కార్డులకు ఎన్ని కిలోలు చేరినవో మాకు వ్రాసి పంపినచో, మా పత్రికలో వారము వారమును ప్రకటించెదము.